పుస్తకం ఒకచోట, కలం ఒకచోట

మెదక్ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసయినా, దేశంలో ఇంకే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసయినా ఒకటో నంబరు పుస్తకం అంటే స్థిరాస్తి దస్తావేజుల పుస్తకమే. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 51వ సెక్షన్ అలా నిర్ణయించింది. వీలునామాలకు మూడో పుస్తకం వేరే ఉంది. ఈ పుస్తకాల పేజీలకు వరస నంబర్లు ముందే అచ్చయి ఉండాలి. మొత్తం ఎన్ని పేజీలున్నాయో పుస్తకం ఇచ్చిన అధికారి మొదటి పేజీ మీద ధ్రువీకరించి ఉండాలి. మధ్యలో ఒక పేజీ చింపినా, ఒక పేజీ కలిపినా దొరికిపోతుంది.

ఘనపురం ఆనకట్ట కింద ఫతేనహర్ కాలువ పారే చోట ఎకరం ఇరవై గుంటలు కొన్న మనిషి పాత రోజుల్లో మెదక్ ఆఫీసుకు వచ్చాడనుకుందాం. దస్తావేజు దాఖలు చేయగానే అతని చేతికి ఒక రసీదు వచ్చేది. 'నీ కాగితం మాకు అందింది' అని చెప్పడం వరకే ఆ రసీదు పని. ఆ తరువాత దస్తావేజును ఒకటో పుస్తకంలోకి ఎక్కించేవారు. నమోదుకు స్వీకరించిన వరసలోనే ఎక్కించాలని 52వ సెక్షన్ చెబుతుంది. నంబర్లు ఏడాది మొదట్లో ఒకటితో మొదలై ఏడాది చివర ముగియాలని 53వ సెక్షన్ చెబుతుంది. అందుకే ఇప్పటికీ దస్తావేజు నంబరు పక్కన గీత పెట్టి సంవత్సరం రాస్తారు. ఎక్కించడం పూర్తయ్యాకనే అసలు కాగితం మీద 'రిజిస్టర్ చేయబడినది' అని రాసి, ఏ పుస్తకంలో ఏ పేజీలో ఉందో చూపించి, సంతకం చేసి ముద్ర వేస్తారు. ఇది 60వ సెక్షన్.

రసీదుకూ ఈ సర్టిఫికెట్‌కూ ఉన్న తేడాను గుర్తు పెట్టుకోండి. ఈ అధ్యాయమంతా దాని మీదే నడుస్తుంది. అందినట్టు చెప్పడం ఒక మాట, నమోదైనట్టు చెప్పడం మరొక మాట. మొదటిది ముందే చెప్పవచ్చు. రెండోది పుస్తకంలో సిరా ఆరాకే చెప్పాలి. కంప్యూటర్ శాస్త్రం పుట్టక ముందే చట్టం రాసినవాళ్లు ఈ తేడాను పట్టుకున్నారు. డేటాబేస్ అనే యంత్రం కూడా దీని మీదే నిలబడింది. ఒక సమయంలో ఒకరే రాయాలి, వరస తప్పకూడదు, రాసిన తరువాతే 'అయింది' అనాలి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ పుస్తకాలు కంప్యూటర్లోకి మారింది 1998 నవంబరులో, 'కార్డ్' పథకంతో. అప్పటి రిజిస్ట్రేషన్ల శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ జె. సత్యనారాయణ దాన్ని నడిపించారు. ఒక్కో ఆఫీసులో ఒక సర్వర్ పెట్టి, అక్కడి కంప్యూటర్లను కేబుళ్లతో దానికి కలిపారు. అంతకు ముందు ఈసీ (ఆస్తి మీద ఏ లావాదేవీలు నమోదయ్యాయో చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) కావాలంటే సూచిక పుస్తకాలు ఏడాదికొకటి తిరగేయాలి, రోజులు పట్టేది. ఇప్పుడు 1983 జనవరి 1 నుంచి వివరాలు కంప్యూటర్లోనే దొరుకుతాయి. 2001లో కేంద్ర చట్టంలోకే 16ఎ అనే సెక్షన్ వచ్చి, ఈ పుస్తకాలను ఫ్లాపీల్లో, డిస్కెట్లలో కూడా ఉంచుకోవచ్చని అనుమతించింది. ఆ రెండు మాటలూ ఇప్పుడు పాతబడ్డాయి కానీ ఆ అనుమతి చిన్నది కాదు. పేజీ నంబర్లు అచ్చువేసిన పుస్తకం ఇచ్చే భరోసా ఇకమీదట డిస్కు ఇవ్వాలి.

ఇస్తుందా అన్న ప్రశ్న ఒకే కంప్యూటర్ ఉన్నంతకాలం పెద్దగా ఇబ్బంది పెట్టదు. రెండో కంప్యూటర్ వచ్చి, పుస్తకం ఒక గదిలో, కలం ఇంకో గదిలో ఉన్నప్పుడు మొదలవుతుంది చిక్కు.

తొంభైల్లోనూ ఆ తరువాతా చిన్న పట్టణాల్లో లెక్కలు కంప్యూటర్‌కు ఎక్కిన తీరు చాలామందికి తెలిసిందే. ఫాక్స్‌ప్రోలోనో మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లోనో ఒక ప్రోగ్రాం రాయించుకునేవారు. డేటా అంతా ఒక ఫైలు. రెండో కౌంటర్ పెట్టాల్సి వచ్చినప్పుడు ఆ ఫైలున్న ఫోల్డర్‌ను షేర్ చేసి, రెండో కంప్యూటర్లో అదే ప్రోగ్రాం పెట్టేవారు. వెంటనే పనిచేసేది. కొన్ని నెలలు బాగానే నడిచేది. ఒకరోజు ఇండెక్స్ పాడైందని సందేశం వచ్చేది, లేదా ఒకే నంబరుతో రెండు బిల్లులు కనిపించేవి. తప్పు ప్రోగ్రాం రాసిన కుర్రాడి మీదికి పోయేది. చాలాసార్లు అతని తప్పు లేదు. షేర్ చేసిన ఫోల్డర్ అనే వ్యవస్థ తనకు తెలియకుండానే ఒక మాట ఇచ్చింది, ఆ మాటను అది నిలబెట్టుకోలేకపోయింది.

ఆ మాట ఏమిటో చూద్దాం. షేర్ చేసిన ఫోల్డర్ మన కంప్యూటర్లో మామూలు డ్రైవ్‌లాగే కనిపిస్తుంది. తెరవడం, చదవడం, రాయడం, మూయడం అన్నీ అవే పేర్లతో జరుగుతాయి. ప్రోగ్రాంకు ఫైలు పక్కన ఉందో పక్కగదిలో ఉందో తెలియదు, తెలియాల్సిన పని లేదన్నదే ఈ ఏర్పాటు ఉద్దేశం. విండోస్ ప్రపంచంలో దీనికి మూలం 1983లో ఐబీఎంలో బ్యారీ ఫీగెన్‌బామ్ మొదలుపెట్టిన ఎస్‌ఎంబీ. యూనిక్స్ వైపు సన్ మైక్రోసిస్టమ్స్ ఎన్‌ఎఫ్‌ఎస్ తయారుచేసింది. శాండ్‌బర్గ్, గోల్డ్‌బర్గ్, క్లైమన్, వాల్ష్, లయన్ దాని నిర్మాణాన్ని వివరిస్తూ 1985లో రాసిన పత్రం ఈనాటికీ చదవదగ్గది.

ఎన్‌ఎఫ్‌ఎస్ రూపకర్తలు ఒక అందమైన నిర్ణయం తీసుకున్నారు. ఎవరు ఏ ఫైలు తెరిచారో సర్వర్ గుర్తు పెట్టుకోదు. ప్రతి అభ్యర్థనా తనంతట తాను సంపూర్ణం: 'ఫలానా ఫైల్లో 8192వ బైటు నుంచి ఈ బైట్లు రాయి.' సమాధానం రాకపోతే అదే అభ్యర్థన మళ్లీ పంపవచ్చు. అదే చోట అవే బైట్లు రెండుసార్లు రాసినా నష్టం లేదు. సర్వర్‌కు కరెంటు పోయి తిరిగి వచ్చినా, కౌంటర్ దగ్గర కూర్చున్నవాళ్లకు కాసేపు ఆగినట్టు అనిపిస్తుందే తప్ప పని చెడదు. తరచూ ఆగిపోయే యంత్రాల మధ్య దీనికంటే తెలివైన ఏర్పాటు ఊహించడం కష్టం.

కానీ ఏమీ గుర్తు పెట్టుకోని సర్వర్ తాళాన్ని ఎలా గుర్తు పెట్టుకుంటుంది?

డేటాబేస్‌కు తాళం ప్రాణం. ఎస్‌క్యూలైట్‌ను తీసుకోండి. డి. రిచర్డ్ హిప్ 2000లో మొదలుపెట్టిన ఈ చిన్న డేటాబేస్ ఇప్పుడు మన ప్రతి స్మార్ట్‌ఫోన్లోనూ ఉంది. దాని తాళం ఎక్కడుంటుందో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఫైల్లో 1,07,37,41,824వ బైటు దగ్గర, అంటే సరిగ్గా ఒక గిగాబైటు దూరంలో. ఫైలు అంత పెద్దది కాకపోయినా ఫరవాలేదు, లేని బైటుకు కూడా తాళం వేయవచ్చు. ఫైలు అంతవరకూ పెరిగితే ఆ బైటున్న పేజీలో డేటా పెట్టకుండా వదిలేస్తారు. రాయదలచిన ప్రోగ్రాం ముందు ఆ చోట తాళం అడుగుతుంది. దొరికితేనే రాస్తుంది. రెండు ప్రోగ్రాంలు ఒకే కంప్యూటర్లో ఉంటే తాళం ఇచ్చేది ఒకే ఆపరేటింగ్ సిస్టం కాబట్టి మోసం జరగదు. అడిగినవాడు మధ్యలో చనిపోతే ఆ సంగతీ దానికి వెంటనే తెలుస్తుంది, తాళం తీసేస్తుంది.

ఎన్‌ఎఫ్‌ఎస్ తొలి కూర్పుల్లో తాళాలు అసలు ప్రోటోకాల్‌లోనే లేవు. వాటికి పక్కన ఇంకో ప్రోటోకాల్ పెట్టారు, యంత్రాలు బతికున్నాయో లేదో చూడటానికి మరొకటి. ఈ అదనపు పనివాళ్లతో ఇబ్బందులు వచ్చినప్పుడు కొందరు 'నోలాక్' అనే ఆప్షన్‌తో ఫోల్డర్‌ను తగిలించేవారు (మౌంట్ చేసేవారు). అప్పుడు తాళం అడిగిన ప్రతిసారీ వెంటనే దొరుకుతుంది. అయితే ఆ తాళం అడిగిన కంప్యూటర్ లోపలే పడుతుంది, పక్క కంప్యూటర్‌కు తెలియదు. రెండు కౌంటర్లలోనూ ప్రోగ్రాం తాళం తనదేనని నమ్ముతుంది.

ఇప్పుడు ఒక నంబరు వెంట వెళ్దాం. షేర్ చేసిన ఫోల్డర్ మీద నడిచే ఒక రిజిస్ట్రేషన్ ఆఫీసును ఊహించుకోండి. అక్కడ చివరి దస్తావేజు నంబరు 2416. ఒకటో కౌంటర్ దాన్ని చదివి 2417 ఇవ్వబోతోంది. రెండో కౌంటర్ కూడా చదివింది. దాని దగ్గర కొద్ది క్షణాల కిందట తెచ్చుకున్న నకలు ఉంది, అందులోనూ 2416 అనే ఉంది. లినక్స్‌లో ఎన్‌ఎఫ్‌ఎస్ ఇలాంటి నకళ్లను అసలుతో పోల్చి చూడకుండా మామూలుగా 3 సెకన్ల నుంచి 60 సెకన్ల దాకా నమ్ముతుంది. ప్రతిసారీ సర్వర్‌ను అడిగితే పని నత్తనడక అవుతుంది మరి. అదీ 2417 ఇచ్చింది. ఇద్దరూ పుస్తకం చివర తమ పేజీ చేర్చాలి. 'చివర చేర్చు' అనే ఆజ్ఞ ఎన్‌ఎఫ్‌ఎస్‌లో లేదు. 'ఫలానా బైటు దగ్గర రాయి' అన్నదే ఉంది. చివర ఎక్కడో ఎవరికి వారే లెక్కగట్టుకోవాలి. ఇద్దరి లెక్కా ఒకటే వచ్చింది. ఒకరు రాసినదాని మీదే రెండోవారు రాశారు. ఏ కంప్యూటరూ తప్పు సందేశం ఇవ్వలేదు. ఒక రైతు దస్తావేజు లేకుండా పోయింది, ఆ సంగతి పదేళ్ల తరువాత బ్యాంకు ఈసీ అడిగినప్పుడు బయటపడుతుంది.

తాళం సరిగా పనిచేస్తే ఇది జరగదు. తాళం దొరికిన క్షణాన నకలును పక్కనపెట్టి అసలును మళ్లీ చూడాలన్న నియమం ఉంది. కాబట్టి అసలు కథ తాళంలోనే ఉంది. తాళం విషయంలో లోతైన ఇబ్బంది ఏ కంపెనీ నిర్లక్ష్యం వల్లా వచ్చింది కాదు.

ఒకటో కౌంటర్ తాళం వేసుకుని మాట్లాడటం మానేసింది. ఎందుకు? దానికి కరెంటు పోయి ఉండవచ్చు. మధ్యలో స్విచ్ ప్లగ్గు ఎవరో తీసి ఉండవచ్చు. లేదా అది బతికే ఉండి, వేరే పనిలో పడి ఆలస్యం చేస్తూ ఉండవచ్చు. తీగ ఇవతల కూర్చున్న సర్వర్‌కు ఈ మూడూ ఒకేలా కనిపిస్తాయి: మౌనం. మౌనానికి కారణం మౌనం నుంచి తెలుసుకోలేం. కంప్యూటర్ నెట్‌వర్కుల శాస్త్రంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించే వాస్తవం ఇదే. వేగం పెరిగినా, కేబుళ్లు మారినా ఇది మారదు. తాళం అలాగే ఉంచితే చనిపోయినవాడి కోసం ఆఫీసంతా ఆగాలి. తీసి మరొకరికి ఇస్తే, చనిపోయాడనుకున్నవాడు లేచి వచ్చి రాయవచ్చు.

2000లో మొదటి రూపం, 2003లో స్థిరపడిన రూపం వచ్చిన ఎన్‌ఎఫ్‌ఎస్ నాలుగో కూర్పు దీనికి ఒక గడువు పెట్టింది. తాళం శాశ్వతంగా ఇవ్వరు, కౌలుకు ఇస్తారు. లినక్స్ సర్వర్‌లో ఆ గడువు మామూలుగా 90 సెకన్లు. ఆలోపు పలకరించకపోతే తాళం పోతుంది. లేచి వచ్చినవాడు పాత తాళంతో రాయబోతే సర్వర్ తిప్పికొడుతుంది. అంతకు ముందు కూర్పుల్లో రాసే అభ్యర్థనలో తాళం ప్రస్తావనే ఉండదు కాబట్టి తిప్పికొట్టే వీలు లేదు. నాలుగో కూర్పు నిజంగా మెరుగైనది. అయినా ఆ 90 సెకన్లు ఎవరో ఒకరు వేచి ఉండాల్సిందే. మౌనానికి అది కనిపెట్టిన జవాబు కాదు, ఎంతసేపు ఓపిక పట్టాలో కుదుర్చుకున్న ఒప్పందం.

కౌంటర్ వైపు కూడా ఇదే ప్రశ్న. సర్వర్ పలకకపోతే ఏం చేయాలి? ఎన్‌ఎఫ్‌ఎస్‌లో రెండు పద్ధతులున్నాయి. 'సాఫ్ట్' పద్ధతిలో కొన్నిసార్లు ప్రయత్నించి, కుదరలేదని ప్రోగ్రాంకు చెప్పేస్తుంది. 'హార్డ్' పద్ధతిలో సర్వర్ పలికేదాకా అడుగుతూనే ఉంటుంది, తెర బిగుసుకుపోతుంది. కౌంటర్ ముందు నిలబడ్డవాళ్లకు మొదటిదే నయమనిపిస్తుంది. డేటాబేస్‌కు రెండోదే క్షేమం. సగం రాసి వదిలేసిన పేజీ కంటే బిగుసుకుపోయిన తెర వెయ్యి రెట్లు మేలు. పోస్ట్‌గ్రెస్‌ అనే డేటాబేస్ తన డాక్యుమెంటేషన్‌లో ఎన్‌ఎఫ్‌ఎస్ వాడేవాళ్లకు హార్డ్ పద్ధతే వాడాలని గట్టిగా చెబుతుంది.

ఇక రసీదు, సర్టిఫికెట్ సంగతి. డేటాబేస్ 'అయింది' అని చెప్పే ముందు ఆపరేటింగ్ సిస్టంను ఒక మాట అడుగుతుంది, దాని పేరు ఎఫ్‌సింక్: 'నేను రాసినది నిజంగా డిస్కు మీదకు చేర్చి, చేరాక చెప్పు.' మామూలు రాతలన్నీ ముందు మెమరీలో ఆగుతాయి, కరెంటు పోతే పోతాయి. ఎఫ్‌సింక్‌కు జవాబు వచ్చాకనే డేటాబేస్ ముద్ర వేస్తుంది. ఎన్‌ఎఫ్‌ఎస్ రెండో కూర్పులో సర్వర్ ప్రతి రాతనూ డిస్కు మీద వేశాకే జవాబు ఇవ్వాలి. భద్రమే, కానీ చాలా మెల్లగా నడిచేది. 1995లో వచ్చిన మూడో కూర్పు సరిగ్గా మన రిజిస్ట్రేషన్ చట్టం దారినే పట్టింది. రాయగానే 'అందింది' అనే రసీదు. తరువాత 'కమిట్' అని అడిగితే డిస్కు మీదకు ఎక్కించి సర్టిఫికెట్. రసీదుతో పాటు సర్వర్ ఒక గుర్తు కూడా ఇస్తుంది. సర్వర్ మధ్యలో పడి లేస్తే ఆ గుర్తు మారిపోతుంది. గుర్తు మారిందంటే పాత రసీదులకు విలువ లేదు, రాసినవన్నీ మళ్లీ పంపాలని కౌంటర్ గ్రహిస్తుంది. నెట్‌వర్క్ ఇంజినీర్లు సాధించిన ఎంతో నాజూకైన పనుల్లో దీన్ని ఒకటిగా లెక్కపెడతాను.

ఈ పనినంతా ఒక్క ఆప్షన్ పాడుచేయగలదు. సర్వర్ వైపు 'అసింక్' అని పెడితే, డిస్కు మీద వేయకుండానే వేశానని సర్వర్ చెబుతుంది. అంటే రసీదు ఇవ్వాల్సిన చోట సర్టిఫికెట్ చేతిలో పెడుతుంది. వేగం ఒక్కసారిగా పెరుగుతుంది, అందుకే ఎవరో ఒకరు దాన్ని పెట్టేస్తూనే ఉంటారు. కరెంటు పోయేదాకా తేడా కనపడదు.

సర్టిఫికెట్ ఇచ్చే యంత్రాంగం ఎంత సున్నితమో 2018లో పోస్ట్‌గ్రెస్ రూపకర్తలకు ఎదురైన సంగతి చెబుతుంది. ఎఫ్‌సింక్ ఒకసారి విఫలమైతే మళ్లీ అడగవచ్చని వాళ్లు చాలా ఏళ్లుగా అనుకుంటూ వచ్చారు. లినక్స్ మాత్రం విఫలమైన పేజీలను 'శుభ్రంగా ఉన్నవి' అని గుర్తుపెట్టి వదిలేస్తోంది. రెండోసారి అడిగితే అంతా బాగుందని చెబుతోంది, డేటా మాత్రం ఎక్కడా లేదు. 2019 ఫిబ్రవరిలో విడుదలైన కూర్పుల నుంచి పోస్ట్‌గ్రెస్ ఎఫ్‌సింక్ విఫలమైతే ఆగిపోయి, మార్పులన్నీ ముందే రాసుకున్న తన చిట్టా నుంచి మళ్లీ మొదలుపెడుతుంది. నెట్‌వర్క్ ఫైల్ సిస్టంలో ఈ విషయం మరింత ముఖ్యం. సర్వర్‌లో జాగా అయిపోయిందన్న సంగతి రాసేటప్పుడు తెలియకపోవచ్చు, ఎఫ్‌సింక్ దగ్గరే మొదటిసారి బయటపడవచ్చు.

దూరం సంగతి ఇంతసేపూ పక్కనపెట్టాను. మెదక్ నుంచి హైదరాబాద్ సుమారు వంద కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి కిలోమీటరుకు 5 మైక్రోసెకన్లు తీసుకుంటుంది. వెళ్లి రావడానికి ఒక మిల్లీసెకను, దారిలో యంత్రాల ఆలస్యం కలపకుండానే. మంచి ఎస్‌ఎస్‌డీ నుంచి ఒక పేజీ చదవడానికి అందులో పదోవంతు చాలు. డేటాబేస్ ఫైలు హైదరాబాద్‌లో, ప్రోగ్రాం మెదక్‌లో ఉంటే సర్వే నంబరు వెతకడానికి ఇండెక్స్‌లో ఒక మెట్టు చదవాలి, అది చెప్పిన చోటికి వెళ్లి రెండో మెట్టు చదవాలి, ఆపైన మూడోది. ఒకటి వచ్చేదాకా ఇంకొకటి అడగడానికి లేదు. ముప్ఫై ఏళ్ల ఈసీకి ఇలాంటి ప్రయాణాలు వందల్లో అవుతాయి. దీనికి మందు పుస్తకాన్ని తెప్పించుకోవడం మానేసి ప్రశ్నను పంపడం. పుస్తకం ఉన్న చోటే దాన్ని చూసే డేటాబేస్ సర్వర్ ఉంటుంది. మెదక్ నుంచి వెళ్లేది ఒక ప్రశ్న, వచ్చేది ఒక జవాబు. తాళాలు, ఎఫ్‌సింక్, చివర చేర్చడం అన్నీ ఒకే యంత్రం లోపల జరుగుతాయి. తీగ మధ్యలో తెగినా సగం పేజీ మిగలదు. అడిగిన పని మొత్తం అవుతుంది, లేదా అసలు కాదు.

భూమి విషయంలో ఈ 'మొత్తం లేదా అసలు కాదు' అన్నది పుస్తకాల్లో చదివే సూత్రం మాత్రమే కాదు. వెనుక రిజిస్ట్రేషన్ ఒక ఆఫీసులో, మ్యుటేషన్ తహసీల్దార్ ఆఫీసులో జరిగేవి. కొన్న మనిషి దస్తావేజు పట్టుకుని పహాణీలో పేరు మారడానికి నెలల తరబడి తిరిగేవాడు. ఆ సందులో అమ్మినవాడు అదే భూమిని మరొకరికి అమ్మేసిన కథలు తెలంగాణలో ఏ ఊరు వెళ్లినా వినిపిస్తాయి. 2020 అక్టోబరు 29న మొదలైన ధరణి పోర్టల్‌లో వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్ అధికారం తహసీల్దార్లకు ఇచ్చి, రెండు పనులనూ ఒకే లావాదేవీగా కలిపారు. పేరు మారకుండా రిజిస్ట్రేషన్ జరగకుండా చేశారు. డేటాబేస్ శాస్త్రం చెప్పే నియమం చట్టంలోకి వచ్చిన సందర్భమిది. అయితే ఒక మాట ఇక్కడ చెప్పి తీరాలి. లావాదేవీ ఎంత పక్కాగా ఉన్నా, మొదట ఎక్కించిన వివరం తప్పయితే డేటాబేస్ ఆ తప్పును కూడా అంతే పక్కాగా కాపాడుతుంది. 2017లో మొదలైన రికార్డుల ప్రక్షాళన తరువాత తమ భూమి తప్పు ఖాతాలో పడిందని, నిషేధిత జాబితాలో చేరిందని తిరిగిన రైతుల బాధ ఏ ఎఫ్‌సింక్‌తోనూ తీరేది కాదు. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో వచ్చిన భూభారతిలో తప్పులు సరిదిద్దే దారిని, అప్పీలును చట్టంలోనే పెట్టాల్సి వచ్చింది ఇందుకే.

నెట్‌వర్క్ ఫైల్ సిస్టం మీద డేటాబేస్ ఎప్పుడూ పెట్టకూడదా అంటే, పెట్టవచ్చు. ఒరాకిల్ 2007లో విడుదలైన తన 11జీలో ఎన్‌ఎఫ్‌ఎస్‌తో నేరుగా మాట్లాడే భాగాన్ని డేటాబేస్ లోపలే పెట్టింది. పెద్ద సంస్థలు అలా నడుపుతున్నాయి. అక్కడ ఫైలు దూరపు డిస్కు మీద ఉన్నా, దాన్ని ఎవరు ముట్టుకోవాలో డేటాబేస్ సాఫ్ట్‌వేరే నిర్ణయిస్తుంది. తగిలించే పద్ధతి హార్డ్, సర్వర్ ముందే 'అయింది' అని చెప్పదు, తీగ, స్విచ్‌లు జంటగా ఉంటాయి, వాటిని చూసుకునే మనుషులు ఉంటారు. ప్రమాదం ఒకే ఫైలును నాలుగు కంప్యూటర్లు నాలుగు వైపుల నుంచి తెరిచే ఏర్పాటులో ఉంది. ఎస్‌క్యూలైట్‌లో 2010లో వచ్చిన 'వాల్' (మార్పులను ముందు ఒక చిట్టాలో రాసుకునే) పద్ధతి అయితే వేరు వేరు కంప్యూటర్ల నుంచి అసలు పనిచేయదు. దాన్ని వాడే ప్రోగ్రాంలన్నీ ఒకే మెమరీని పంచుకోవాలి, తీగ మీద మెమరీని పంచుకోలేం.

మెదక్‌లో రైస్‌మిల్లు లెక్కలో, ఎరువుల దుకాణం బిల్లులో, ఆస్పత్రి ఓపీ పుస్తకమో ఇంకా షేర్డ్ ఫోల్డర్ మీద నడుపుతున్నవాళ్లకు ఇందులోంచి పనికొచ్చేది ఒకటుంది. ఉన్న కంప్యూటర్లలో ఒకదాని మీద పోస్ట్‌గ్రెస్‌నో మైఎస్‌క్యూఎల్‌నో పెట్టుకోవడానికి డబ్బు ఖర్చు లేదు, రెండూ ఉచితం. ఆ కంప్యూటర్‌కు ఒక యూపీఎస్ కావాలి. మిగతా కంప్యూటర్లు దాన్ని ప్రశ్నలు అడగాలి, ఫైలును తెరవకూడదు. రాత్రి కాపీ తీసేటప్పుడు కూడా నడుస్తున్న ఫైలును ఎత్తి పెన్‌డ్రైవ్‌లో వేయకూడదు. కాపీ అవుతుండగా మారిన పేజీలు కొన్ని పాతవి, కొన్ని కొత్తవి కలిసిపోతాయి. డేటాబేస్‌నే అడిగి డంప్ (పూర్తి నకలు) తీయించుకోవాలి. నెలకొకసారి ఆ డంప్‌ను వేరే కంప్యూటర్లో ఎక్కించి, అందులోని చివరి బిల్లు నంబరు, ఆ డంప్ తీసిన రోజు కాగితం మీద ఉన్న చివరి బిల్లు నంబరు ఒకటేనా కాదా చూసుకోవాలి.